అమ్మోనియా టీపీడీలో (అతుక్కున్న అమ్మోనియాను క్రమంగా వేడిచేసి విడిపించే పరీక్షలో) శిఖరం ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద వస్తే ఆమ్ల స్థానాలు బలమైనవేనా?

ప్రశ్న:
నా దగ్గర రెండు హెచ్-జెడ్‌ఎస్‌ఎం-5 జియోలైట్ (సూక్ష్మరంధ్రాలున్న సిలికాన్-అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం) నమూనాలు ఉన్నాయి. రెండింటిలోనూ సిలికాన్-అల్యూమినియం నిష్పత్తి 25. తేడా స్ఫటికాల పరిమాణంలోనే. 500 డిగ్రీల సెల్సియస్ వద్ద హీలియంలో ఆరబెట్టి, 100 డిగ్రీల వద్ద అమ్మోనియాతో సంతృప్తపరచి, అక్కడే గంటసేపు హీలియం పంపి, ఆపై నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడి పెంచుతూ టీసీడీతో (వాయువు ఉష్ణవాహకతలో మార్పును గుర్తించే పరికరంతో) విశోషణాన్ని, అంటే అమ్మోనియా విడిపోవడాన్ని, నమోదు చేశాను. రెండో శిఖరం మొదటి నమూనాకు 390 డిగ్రీల వద్ద, రెండోదానికి 425 డిగ్రీల వద్ద వచ్చింది. మొదటిది కొద్దిగానే మిగలడంతో 50 మిల్లీగ్రాములే వాడాను. రెండోది 150 తీసుకున్నాను. రెండోదాని ఆమ్ల స్థానాలు బలమైనవని రాయవచ్చా? రెండు శిఖరాల వైశాల్యాలు కలిపితే గ్రాముకు 1.1 మిల్లీమోల్ రావడం కూడా నాకు అంతుపట్టడం లేదు.

మొదటి జవాబు:
అప్పుడే రాయకండి. ఒక స్థానం నుంచి విడిపోయిన అమ్మోనియా బయటపడేలోగా దారిలోని మరెన్నో స్థానాలకు అతుక్కుంటూ, విడిపోతూ వెళ్తుంది. ఈ పునరధిశోషణం వల్ల పడకలో (గొట్టంలో పరిచిన నమూనాలో) స్థానాలు ఎక్కువయ్యేకొద్దీ, వాహక వాయువు ప్రవాహం తగ్గేకొద్దీ శిఖరం పైకి జరుగుతుంది. అధిశోషణోష్ణం (అమ్మోనియా స్థానానికి అతుక్కున్నప్పుడు వెలువడే వేడి) మోల్‌కు 140 కిలోజౌళ్లు అనుకుని లెక్క వేస్తే, 390 డిగ్రీల ప్రాంతంలో నమూనా బరువును మూడింతలు చేయడం ఒక్కటే శిఖరాన్ని సుమారు 30 డిగ్రీలు జరుపుతుంది. మీ తేడా 35 డిగ్రీలు! ఒకే బరువు, ఒకే ప్రవాహంతో మళ్లీ చేయండి. ప్రవాహాన్ని మార్చుతూ మూడు నాలుగు పరుగులు తీస్తే, శిఖరం జరిగిన తీరు నుంచే అధిశోషణోష్ణాన్ని రాబట్టవచ్చు. బలానికి కొలమానం అదే కానీ శిఖర ఉష్ణోగ్రత కాదు.

రెండో జవాబు:
వైశాల్యం సంగతి చెబుతాను. నిష్పత్తి 25 అంటే సిలికాన్, అల్యూమినియం కలిపి 26 చతుర్ముఖ పరమాణువులకు ఒక అల్యూమినియం, అంటే గ్రాముకు దాదాపు 0.64 మిల్లీమోల్. అల్యూమినియంకు ఒక్క అమ్మోనియా చొప్పున అంతకు మించి రాకూడదు. మిగిలినదంతా 200 డిగ్రీల దగ్గరి తొలి శిఖరం పుణ్యమే. అక్కడ విడిపోయేది చాలావరకు అమ్మోనియం అయాన్ల మీద హైడ్రోజన్ బంధంతో నిలిచిన అదనపు అమ్మోనియా. దాన్ని «బలహీన ఆమ్ల స్థానాలు» అని రాసే అలవాటును మానుకోవడం మంచిది. 100 డిగ్రీల వద్ద నీటి ఆవిరిని పంపితే అది చాలావరకు తొలగిపోతుంది.

టీసీడీకి నీరు, అమ్మోనియా తేడా తెలియదు. కాబట్టి అమ్మోనియా లేకుండా ఒక ఖాళీ పరుగు తీయండి. మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంటే ద్రవ్యరాశి 17కు బదులు 16ను గమనించండి. 17లో నీటి శకలం కలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
రెండింటినీ 50 మిల్లీగ్రాముల చొప్పున, ఒకే ప్రవాహంతో మళ్లీ చేశాను. శిఖరాలు 390, 396 డిగ్రీల వద్ద వచ్చాయి. ఆవిరి పంపాక రెండింటికీ 0.6కు కాస్త అటూ ఇటూ వస్తోంది. ఇవన్నీ బ్రాన్‌స్టెడ్ (ప్రోటాన్‌ను ఇచ్చే) స్థానాలేనని అనుకోవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
అమ్మోనియా ఆ తేడా చెప్పదు. లూయీ (ఎలక్ట్రాన్ జంటను స్వీకరించే) స్థానాలకూ అతుక్కుంటుంది. పిరిడిన్‌ను అధిశోషింపజేసి పరారుణ వర్ణపటంలో 1545 (బ్రాన్‌స్టెడ్), 1450 (లూయీ) తరంగ సంఖ్యల దగ్గరి పట్టీలను పోల్చండి. ఇక 6 డిగ్రీల తేడాను బలానికి ఆపాదించేముందు, అదే నమూనాను రెండుసార్లు కొలిస్తే ఎంత తేడా వస్తుందో చూడండి.