వన్డేల్లో ఆల్‌టైమ్ గొప్పోళ్లు ఎవరు? తిరుపతి, చిత్తూరోళ్లు మీ పదిమందిని చెప్పండి

లీలామహల్_సర్కిల్:
టీ కొట్టు కాడ మా గ్యాంగులో కొన్నాళ్లుగా ఇదే గొడవ. టెస్టులు, టీ20లు కలపొద్దు. వన్డేలే. పదిమందిని వరసగా పెట్టాల.

నా వరస ఇది: వివ్ రిచర్డ్స్, సచిన్, కోహ్లి, వసీం అక్రమ్, గిల్‌క్రిస్ట్, ధోని, మురళీధరన్, డివిలియర్స్, మెక్‌గ్రాత్, కపిల్.

సచిన్‌ను రెండో చోట పెట్టినానని మీదికి రావొద్దు, కారణం వినండి. వివ్ వెస్టిండీస్‌కి 187 మ్యాచులు ఆడినాడు, 6,721 పరుగులు, యావరేజి 47, స్ట్రైక్ రేటు (వంద బంతులకి కొట్టే పరుగులు) 90. ఈ కాలం పిల్లోళ్లకి ఇదేం లెక్క అనిపిస్తుంది. కానీ అదే టీములో, అవే పిచ్‌ల మీద ఆడిన డెస్మండ్ హేన్స్ స్ట్రైక్ రేటు 63. గ్రీనిడ్జ్‌ది 65 కూడా లేదు. వాళ్లిద్దరూ ఏం తక్కువోళ్లు కాదే! పక్కన ఆడేవాళ్ల కంటే ఎంత ఎత్తులో ఉండాడు అనేదే నాకు కొలత.

1984లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇంగ్లండ్ మీద ఆడింది తీసుకోండి. 55 ఓవర్ల మ్యాచ్. 166కే 9 వికెట్లు పోయినాయి. అవతల హోల్డింగ్‌ను నిలబెట్టుకుని ఆఖరి వికెట్‌కి ఇంకో 106 లాగినాడు, అందులో హోల్డింగ్‌వి 12. మొత్తం 272లో వివ్‌వే 189 నాటౌట్. టీములో ఆయన తర్వాత పెద్ద స్కోరు బాప్టిస్ట్ కొట్టిన 26.

తిరుచానూరు_సచిన్10:
అన్నా, నీ కొలతే నేనూ పట్టుకుంటా. 1994 మార్చిలో ఆక్లాండ్. సిద్ధుకి మెడ పట్టేసింది, సచిన్ ఓపెనింగ్‌కి దిగినాడు. 49 బంతుల్లో 82. ఆ కాలంలో మొదటి 15 ఓవర్లు వికెట్లు కాపాడుకోవడమే పని అని అందరూ ఆడేవాళ్లు. ఆయన 22 ఏళ్లు, 463 మ్యాచులు, 18,426 పరుగులు, 49 సెంచరీలు. బౌలింగ్‌లో 154 వికెట్లు. వివ్ ఎత్తులో ఉండాడు, సరే. ఆ ఎత్తులో అన్నేళ్లు నిలబడింది ఎవరు?

1998 షార్జా నేను గాంధీ రోడ్డులో టీవీల షాపు ముందర నిలబడి చూసినా. షాపోడు షట్టర్ దించకుండా మాకోసం కూర్చున్నాడు. ఇసుక తుఫాను వచ్చి ఆట ఆగింది. ఫైనల్‌కి పోవాలంటే 237 చాలు. ఆ 237 దాటినాక కూడా ఆయన ఆపలేదు, మ్యాచ్ గెలవాలనే కొడతా ఉన్నాడు. 143. మ్యాచ్ పోయింది, మేము మాత్రం గెలిచినట్టే అరిచినాం. రెండు రోజులకు ఆయన పుట్టినరోజు, ఫైనల్, 134, కప్పు మనది. నాకు ఒకటో చోటు గురించి చర్చే లేదు.

కట్టమంచి_చెరువుగట్టు:
నాయనా, కపిల్‌ను పదోవాడిగా పెట్టినావు చూడు, అది నాకు సహించలేదు. నీ కొలతతోనే కొలువు. కపిల్ స్ట్రైక్ రేటు 95. నువ్వు నెత్తిన పెట్టుకున్న వివ్ కంటే ఎక్కువ! 3,783 పరుగులు, దానికి తోడు 253 వికెట్లు. ఈ రెండూ కలిసినవాడు ఆ కాలంలో ఇంకొకడిని చూపించు.

1983లో టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద మనవి 17కే 5 వికెట్లు పోయినాయి. ఆ ఇన్నింగ్స్‌లో కపిల్ 138 బంతుల్లో 175 నాటౌట్. కెమెరాలు లేవు కాబట్టి ఎవరూ చూపించలేరు, అందుకే మీ తరం దాన్ని లెక్కలోకి తీసుకోదు.

1987 అక్టోబరు 9న నేను చెపాక్‌లో ఉన్నా. చిత్తూరునుంచి బస్సులో పోయినాం. వరల్డ్ కప్‌లో మన మొదటి మ్యాచ్, ఆస్ట్రేలియాతో. డీన్ జోన్స్ కొట్టినది ఫోర్ అని ఇచ్చినారు. ఇన్నింగ్స్ అయినాక అది సిక్స్ అని వాళ్లు అడిగితే కపిల్ ఒప్పుకున్నాడు. 268 కాస్తా 270 అయింది. మనం 269కి ఆలౌట్. స్టీవ్ వా ఆఖరి ఓవర్లో మణీందర్ స్టంపులు పడినప్పుడు మా స్టాండులో ఎవరూ లేచి పోలేదు, స్కోరుబోర్డు మళ్లీ మారుతుందేమో అని అట్లే చూస్తా కూర్చున్నాం. ఒక్క పరుగుతో పోయినా, ఆ పొద్దు కపిల్ మీద నాకు గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు. కపిల్ నాకు మొదటి నలుగురిలో ఉండాల.

కొర్లగుంట_లెఫ్టార్మ్:
అందరూ బ్యాటింగే మాట్లాడతాండారు. పక్కనోళ్ల కంటే ఎత్తు అనేదే కొలత అయితే వెస్టిండీస్ బౌలర్ జోయెల్ గార్నర్ యాడ? 98 మ్యాచులు, 146 వికెట్లు, యావరేజి (ఒక్కో వికెట్‌కి ఇచ్చిన పరుగులు) 18.84, ఓవరుకి 3.09 పరుగులు. 1979 వరల్డ్ కప్ ఫైనల్లో 11 బంతుల్లో 5 వికెట్లు తీసినాడు. ఇంగ్లండ్ 183కి 2 నుంచి 194 ఆలౌట్. ఆ మ్యాచ్‌లో వివ్ కొట్టిన 138 అందరికీ గుర్తు, గార్నర్ గుర్తు లేదు.

నేను లెఫ్టార్మ్ సీమ్ వేస్తా, యూనివర్సిటీ తారకరామ గ్రౌండ్‌లో ఆడినోడిని. మా ఎండకి బంతి ఒక పక్క తొందరగా గీరుకుపోతుంది. ఇంకో పక్క చెమటతో రుద్ది రుద్ది మెరుపు కాపాడుకోవాల. ఇన్నింగ్స్ సగం దాటినాక మెరిసే పక్కకే బంతి తిరగడం (రివర్స్ స్వింగ్) మొదలవుతుంది, అప్పుడు వచ్చే యార్కర్‌ని బ్యాట్స్‌మన్ ఏం చెయ్యలేడు. 1992 ఫైనల్లో వసీం వేసిన రెండు బంతులు అవే. ఇంగ్లండ్ 141కి 4. రౌండ్ ది వికెట్ నుంచి లాంబ్‌కి వేసినది లోపలికి వస్తా వస్తా పిచ్ పడి బయటికి పోయింది, ఆఫ్ స్టంప్ ఎగిరింది. తర్వాత బంతి క్రిస్ లూయిస్‌కి, ఇది లోపలికి దూరింది, బ్యాట్ అంచు తగిలి బౌల్డ్. ఈ రెండింటిని నేను ఎన్నిసార్లు చూసినానో, మణికట్టు ఏం మారుస్తాడో ఇంకా దొరకలేదు.

2011 అక్టోబరు నుంచి రెండు వైపులా రెండు కొత్త బంతులు వచ్చినాయి. ఒక్కో బంతి 25 ఓవర్లే, పాతబడితే కదా రివర్స్ అయ్యేది. 2025లో 35వ ఓవరు నుంచి ఒక్క బంతే అని మార్చినారు, మంచి పని. మధ్యలో ఆ కాలంలో కొట్టిన పరుగుల్ని పాత పరుగులతో నేరుగా పోల్చొద్దు. వసీం 502 వికెట్లకి ఒకటో చోటే సరి.

అలిపిరి_కవర్‌డ్రైవ్:
అన్నా, నువ్వు చెప్పినది కోహ్లిని తగ్గించడానికే అని అర్థమైంది. మంచి బంతి మీద, మంచి పిచ్ మీద కూడా చూసినోడిని నేను. 2023 అక్టోబరు 8, చెపాక్. ఆస్ట్రేలియా 199. మనం 2 పరుగులకి 3 వికెట్లు, ముగ్గురూ డకౌట్. కోహ్లి 12 మీద ఉండగా హేజిల్‌వుడ్ బంతి గాల్లోకి లేచింది. మార్ష్ పరిగెత్తుకుంటా వచ్చి జారవిడిచినాడు. నా పక్కన ఎవరో పెద్దాయన చేతులు జోడించి కొండ వైపు తిరిగినాడు, చెన్నైలో కొండ ఎటు ఉంటుందో ఆయనకెట్ల తెలుసో! ఆ తర్వాత కోహ్లి గాల్లో కొట్టడం మానేసినాడు. ఒకటి, రెండు, ఒకటి, రెండు. రాహుల్‌తో 165 పార్ట్‌నర్‌షిప్. 85 దగ్గర అవుటైనా మ్యాచ్ అప్పటికే మనది.

సచిన్ 49 సెంచరీలకి 451 ఇన్నింగ్స్ పట్టింది. కోహ్లి 50వది 279వ ఇన్నింగ్స్‌లో కొట్టినాడు. అదీ వరల్డ్ కప్ సెమీఫైనల్లో.

పుత్తూరమ్మాయి:
ఆల్‌టైమ్ అని పేరు పెట్టి మగవాళ్లనే లెక్కపెడుతున్నారు. వన్డేల్లో మొదటి డబుల్ సెంచరీ ఎవరిది? 2010 గ్వాలియర్ అని వెంటనే అంటారు. 1997లో ముంబైలో డెన్మార్క్ మీద బెలిండా క్లార్క్ 229 నాటౌట్ కొట్టి పెట్టింది. మిథాలీ రాజ్ 7,805 పరుగులు, ఝులన్ గోస్వామి 255 వికెట్లు. వేరే లిస్టు చేసుకోమంటారేమో, వద్దు. పక్కనోళ్ల కంటే ఎత్తు అనే కొలత మంచి కొలత, దాంతో కొలిస్తే మిథాలీ ఈ పదిలోనే వస్తుంది.

2025 నవంబరులో మనం వరల్డ్ కప్ గెలిచిన టీములో శ్రీచరణిది పక్కనున్న కడప జిల్లా. ఇప్పుడు మా వీధిలో ఆడపిల్లలు లెఫ్టార్మ్ స్పిన్ వేస్తామని బంతి పట్టుకుంటున్నారు. రేపు వాళ్లు ఇట్లాంటి చర్చ చదివితే ఒక్క ఆడపేరైనా కనబడాల కదా అన్నా.

లీలామహల్_సర్కిల్:
చెల్లెమ్మ చెప్పినదానికి ఎదురు లేదు. మిథాలీ వస్తుంది. చెరువుగట్టు సార్ లెక్క కూడా ఒప్పుకోవాల్సిందే, కపిల్ నాలుగో చోటుకి. గార్నర్ కోసం మెక్‌గ్రాత్‌ను తియ్యమంటే మాత్రం కష్టం, వరల్డ్ కప్పుల్లోనే 71 వికెట్లు ఆయనవి. మురళీ 534 వికెట్లు, ఆయన జోలికి పోలేను. వివ్ ఒకటో చోట నుంచి కదలడు.

పలమనేరు_ఫినిషర్:
ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బెవన్ పేరు ఎవరూ ఎత్తలేదే! 1996 జనవరి 1, సిడ్నీ, వెస్టిండీస్ మీద. 173 కొట్టాల, 38కి 6 వికెట్లు. ఆఖరి బంతికి నాలుగు కావాల, రోజర్ హార్పర్ బంతిని నేరుగా ఫోర్. 78 నాటౌట్. యావరేజి 53.58. ధోనిది 50.57. ధోని స్ట్రైక్ రేటు 87, బెవన్‌ది 74, అది నిజమే. కానీ ఛేజింగ్‌ని లెక్క కట్టి చివరిదాకా లాక్కురావడం మొదట నేర్పింది బెవనే. ధోనిని తియ్యమనను, వికెట్ల వెనక 123 స్టంపింగులు చేసినోడు. బెవన్‌కి మాత్రం ఒక చోటు కావాల.

లీలామహల్_సర్కిల్:
పెట్టాలంటే డివిలియర్స్‌ను తియ్యాల. 31 బంతుల్లో సెంచరీ కొట్టినోడిని తియ్యడానికి నాకు చెయ్యి రావడం లేదబ్బా. గిల్‌క్రిస్ట్‌ను తీద్దామంటే 2007 ఫైనల్లో 149. ఎవర్ని తియ్యాలో నువ్వే చెప్పు, కారణంతో సహా.