గాత్రం క్లాసులో గొంతు సంరక్షణ ఎలా చెప్పాలి?

గమకప్రియ:
బీఏ మ్యూజిక్ మొదటి ఏడాది గాత్రం పిల్లలకు గొంతు సంరక్షణ పాఠం తయారుచేస్తున్నాను. వారానికి ఒక్క గంటే. స్వరపేటిక బొమ్మ గీయించి భాగాలు రాయించడంతోనే సరిపోతుందేమో అనిపిస్తోంది. సాధనకు పనికొచ్చేలా ఏం పెట్టాలి? మధ్యాహ్నానికి సగంమందికి గొంతు జీరపోతోంది.

శ్రుతిపెట్టె:
ముందు శ్రుతి సంగతి చూడండి. శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే ‘స’ ఎత్తు, దాన్ని అంకెలతో చెబుతాం. సాధారణంగా ఆడపిల్లలకు 5 (G), 5½ (G#). మగపిల్లలకు 1 (C), 1½ (C#) కుదురుతాయి. అందరినీ ఒకే శ్రుతిలో పాడిస్తే ఎవరో ఒకరి గొంతు నలగాల్సిందే. 5½లో తారస్థాయి పంచమం (పైస్థాయి ‘ప’) పట్టుకుంటే స్వరతంత్రులు (స్వరపేటికలో అదిరే మడతలు) సెకనుకు దాదాపు 620 సార్లు కొట్టుకుంటాయి. 1 శ్రుతిలో మగగొంతు ఆధార షడ్జానికి (‘స’కు) ఇది 130. ఈ లెక్క బోర్డు మీద వేయండి, హెచ్చుస్థాయి వరుసలు (పైస్థాయి స్వరాల సాధన పాఠాలు) ఏకబిగిన ఎందుకు వద్దో వాళ్లకే తెలుస్తుంది. ఫ్యాను హోరులో పాడితే తెలియకుండానే గొంతు పెంచేస్తారు, అదీ చూసుకోండి.

స్వరచికిత్స:
గంటలో మొదటి ఐదు నిమిషాలు స్ట్రాకు ఇవ్వండి. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా కొస 2, 3 సెంటీమీటర్లు మునగాలి. పెదవులు చుట్టూ మూసి ‘ఊ’ అంటూ షడ్జం నుంచి పంచమానికి జారి, మళ్లీ దిగాలి. బుడగలు తెగకుండా రావాలి. నోటి దగ్గర అడ్డు ఉండటంవల్ల గాలి ఒత్తిడి వెనక్కి తన్ని, తంత్రులు గట్టిగా కొట్టుకోకుండా అదురుతాయి. మరీ లోతుగా ముంచితే గాలి నెట్టడానికి మెడ బిగుస్తుంది. మధ్యలో ముక్కు మూయించి చూడండి, శబ్దం మారితే గాలి ముక్కులోంచి పోతున్నట్టే.

తాగిన నీళ్లు తంత్రులను తాకవు, అన్నవాహికలోకి పోతాయి. ఒంట్లోంచి తడి అందాలి కాబట్టి పొద్దుటినుంచే తాగాలి. మాటిమాటికీ ఖంగుమని గొంతు సవరించుకునే అలవాటు మాన్పించి, గుటక మింగమనండి.

గమకప్రియ:
గొంతు పోయినవాళ్లు గుసగుసగా మాట్లాడుతున్నారు. మంచిదేనాండీ?

స్వరచికిత్స:
కాదండీ. గుసగుసలో చాలామంది స్వరపేటికను బిగించేస్తారు. మౌనం మేలు, తప్పకపోతే మామూలు గొంతుతో మెల్లగా రెండు ముక్కలు. రోజూ పొద్దున్న తారస్థాయిలో చిన్న పలుకు చాలా సన్నగా పాడించండి. నిన్న పలికిన స్వరం ఇవాళ ముందు గాలి వచ్చి ఆలస్యంగా పలికితే తంత్రులు వాచినట్టు అనుమానించాలి, ఆ రోజు పైస్థాయి వద్దు. జీర రెండు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. పాడుతుండగా గొంతు టక్కున పోతే మాత్రం వారాలు ఆగొద్దు. తంత్రిలో రక్తనాళం చిట్లి ఉండొచ్చు, అక్కడికక్కడే ఆపి అదే రోజు చూపించాలి.