పోషకాహార సదస్సులో చూసిన సరుకుల్లో మా షాపులో ఏవి పెట్టొచ్చు?

భీమవరం_కోడలు:

నమస్తే అండీ. మాది భీమవరం. ఇంటి ముందు గదిలో చిన్న షాపు నడుపుతున్నాను. గానుగ నూనె, పప్పులు, మా అత్తయ్య చేసే కందిపొడి, ఊరగాయలు, అంతే సరుకు. మా ఆడపడుచు డైటీషియన్. హైదరాబాద్‌లో పోషకాహార సదస్సు జరుగుతోంది, స్టాళ్లు కూడా ఉంటాయి, రా వదినా అంటే వెళ్లాను. లోపల హాల్లో ఇంగ్లీషులో ఉపన్యాసాలు సాగుతుంటే నేను బయట స్టాళ్ల దగ్గరే తిరిగాను. పెట్టినవన్నీ రుచి చూశాను.

నన్ను ఆపేసింది ఇప్పపువ్వు లడ్డూ. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సంఘం పెట్టుకుని ఈ లడ్డూలు చేస్తున్నారని విన్నాను గానీ ఎప్పుడూ తినలేదు. ఇప్పపువ్వు అంటే మా వైపు సారాయే గుర్తొస్తుంది మరి. స్టాల్లో ఉన్నావిడ ఒక ఎండుపువ్వు నా చేతిలో పెట్టింది. ఎండుద్రాక్షలా ముడతలు పడి, పట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుతోంది. వాసన చూస్తే కాస్త ఘాటు. తినగలనా అనుకున్నాను. లడ్డూలో నువ్వులు, పల్లీలు కలిశాక ఆ ఘాటు తగ్గి తీపి మిగిలింది. వేసవి మొదట్లో తెల్లారేసరికి ఈ పూలు చెట్టు కింద రాలి ఉంటాయట. ఏరుకొచ్చి ఎండబెట్టుకుంటారట.

తాటి బెల్లం, నీరా పాకం కూడా బాగున్నాయి. కుండ లోపల సున్నం రాస్తే నీరా పులిసి కల్లు కాకుండా ఉంటుందని, తెల్లవారకముందే దించుతామని చెప్పారు. తాడిచెట్ల మధ్య పుట్టి పెరిగినదాన్ని, తాటి బెల్లం రుచి చూడ్డానికి హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది! ఇవి కాక జొన్న అటుకులు, సజ్జ బిస్కెట్లు, అండు కొర్రలు, మునగాకు పొడి, నల్లేరు పొడి. ఒకచోట పులిసిన గంజిని సీసాలో పోసి ప్రోబయాటిక్ అని అమ్ముతున్నారు. ఇంటికొచ్చి ధర చెబితే మా అత్తయ్య చాలాసేపు నవ్వారు, ఆవిడ రోజూ తరవాణి పోసుకునే మనిషి.

నాకు రెండు సందేహాలు. వానాకాలంలో మా ఊళ్లో తేమకి ఉప్పు కూడా కారిపోతుంది, వీటిలో ఏవి నిలుస్తాయి? రెండోది, కస్టమర్లు ఏది చూపించినా "ఇది తింటే షుగర్ తగ్గుతుందా?" అనే అడుగుతారు. స్టాళ్లలో చాలామంది తగ్గుతుందనే చెప్పారు. నాకలా చెప్పడానికి నోరు రావడం లేదు. అమ్మేది రోజూ ఎదురుపడే మనుషులకు కదా. తెలిసినవాళ్లు చెప్పండి.

కదిరి_మిల్లు:

మేడమ్, మాది కదిరి దగ్గర చిరుధాన్యాల మిల్లు. సజ్జ పిండి జోలికి మాత్రం పోకండి, గింజలు పెట్టండి. సజ్జల్లో నూనె ఎక్కువ, ఆడించాక వారం పది రోజులకే చేదు వాసన మొదలవుతుంది. పిండి ఎక్కువ రోజులు ఉండాలంటే ఆడించేముందు గింజకు వేడి చూపించాలి, చిన్న మిల్లుల్లో ఆ పని చేసేవాళ్లు తక్కువ. కవరు మీద ఎన్ని నెలలు రాసినా సరే, ఒకటి విప్పి వాసన చూశాకే దించుకోండి.

కొర్రలు, అండు కొర్రలు పాలిష్ చూసి కొనండి. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటి నుంచి గిరాకీ పెరిగింది, పాలిష్ కూడా పెరిగింది. తవుడు పూర్తిగా తీసి మెరిపిస్తే కొనేవాళ్ల కంటికి బాగుంటుంది, త్వరగా ఉడుకుతుంది, నిల్వా ఉంటుంది. వ్యాపారికి సుఖం. కానీ పీచు ఆ తవుడుతోనే పోతుంది. దాని కోసమే కదా జనం అంత ధర పెట్టి కొంటున్నది. పైపొట్టు మాత్రమే తీసిన అండు కొర్రలు కాస్త ఆకుపచ్చ ఛాయలో ఉంటాయి. తవుడు ఉన్న సరుకుకి పురుగు త్వరగా పడుతుంది కాబట్టి మీ ఊరి తేమకి తక్కువ తక్కువగా తెప్పించుకోండి. నాలుగైదు గంటలు నానబెట్టి వండమని ప్రతి కస్టమర్‌కీ చెప్పండి. నానబెట్టకుండా వండినవాడు మళ్లీ మీ షాపు గడప తొక్కడు.

బిస్కెట్ల ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. ఏది బరువు ఎక్కువుంటే అది ముందు రాయాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రూలు. పేరులో సజ్జ అని పెట్టి, ముందు కంకి బొమ్మ వేసుకుంటే, అందులో సజ్జ ఎంత శాతమో కూడా వేయాలి. మొదట మైదా, తర్వాత చక్కెర, పామాయిల్, ఆ తర్వాతెక్కడో సజ్జ ఉంటే అది మైదా బిస్కెట్టే. అదే ధరకు మా ఊరి బేకరీలో ఇంతకన్నా మంచివి దొరుకుతాయి.

డల్లాస్_నుంచి:

ఇప్పపువ్వు లడ్డూ ఇక్కడికి కొరియర్ చేస్తారా అండీ? చదువుతుంటేనే నోరూరుతోంది.

పార్వతీపురం_టీచరమ్మ:

అమ్మాయ్, కొత్తవి పెట్టు, కాదనను. మొలకెత్తించిన చోడి (రాగి) పిండి నీ జాబితాలో లేదేంటి? నేను అంగన్‌వాడీలో చేసి రిటైరయ్యాను. పసిపిల్లల తల్లులకు ఇంతకన్నా పనికొచ్చే సరుకు లేదు.

చోళ్లు కడిగి రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచేసి తడిగుడ్డలో మూట కట్టాలి. గింజ చివర తెల్లగా మొలక కనిపిస్తే చాలు, పొడుగు కానివ్వకూడదు. నీడన ఆరబెట్టి, చేత్తో నలిపి చెరిగితే మొలకలు రాలిపోతాయి. తర్వాత సన్నసెగ మీద కొంచెం వేయించి ఆడించాలి. మాడిస్తే చేసిన పనంతా వృథా. మొలకలో పుట్టే ఎంజైమ్ వల్ల జావ గడ్డకట్టదు. మామూలు పిండితో జావ చిక్కబడితే ఏం చేస్తాం, నీళ్లు పోస్తాం. ఆ చిన్న పొట్టలోకి నీళ్లే పోతాయి. ఈ పిండితో అదే గిన్నె జావలో ఎక్కువ పిండి పడుతుంది, అయినా బిడ్డ మింగగలిగేంత పల్చగానే ఉంటుంది.

హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు 2017లో వేసిన పట్టికలో వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 364 మిల్లీగ్రాములు. తెల్ల బియ్యంలో పది కూడా లేదు. బడుల్లో 2023 నుంచి పిల్లలకు రాగిజావ ఇస్తున్నారు, కాబట్టి ఊళ్లో రుచి అలవాటైంది. నువ్వు కొత్తగా ఎవరికీ నచ్చజెప్పక్కర్లేదు.

ఆడపడుచు_డైటీషియన్:

వదినా, ఇక్కడ కూడా నన్ను లాగావా! సరే, షుగర్ సంగతి నేను చెబుతాను.

తాటి బెల్లంలో కూడా ఎక్కువ భాగం సుక్రోజే, అంటే మామూలు చక్కెరే. రుచి కోసం అమ్ము, చక్కెర కన్నా మంచి రుచి అని చెప్పు, అందులో అబద్ధం లేదు. షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం అది చక్కెర కిందే లెక్క. ఇప్పపువ్వులోనూ అంత తీపి ఎక్కడి నుంచి వస్తుంది, చక్కెరల నుంచే. ఎదిగే పిల్లలకు, సన్నగా ఉన్నవాళ్లకు నువ్వులు, పల్లీలతో కలిసిన ఆ లడ్డూ బాగుంటుంది. మా బాబాయికి మాత్రం అమ్మొద్దు, ఆయన డబ్బా మొత్తం పట్టుకుపోతాడు.

జొన్న అటుకులు సౌకర్యమే, కానీ ఉడికించి, నొక్కి, ఆరబెట్టిన గింజ అది. రొట్టె కన్నా తొందరగా అరిగిపోతుంది. "మైదా టిఫిన్ బదులు తినొచ్చు" అను, అక్కడితో ఆపు. మునగాకు పొడి నిక్షేపంగా పెట్టు, పప్పులో ఒక చెంచా వేసుకోమను. నల్లేరు పొడికి ఎముకలు అతుకుతాయని బోర్డు మాత్రం రాయకు. తినే సరుకుతో జబ్బు నయమవుతుందని ప్రకటించకూడదని 2018 నుంచే నిబంధన ఉంది. అసలు నల్లేరు రుచి తెలియాలంటే లేత కణుపులు నూనెలో బాగా వేయించి, చింతపండుతో పచ్చడి చేయాలి. వేగకపోతే గొంతు దురద పెడుతుంది. ఆ పచ్చడి అమ్మ చేస్తుంది కదా, అడుగు.

థైరాయిడ్ ఉన్నవాళ్లు అడిగితే సజ్జలు మూడు పూటలా వద్దు, అప్పుడప్పుడూ అయితే భయం లేదు, అనుమానముంటే డాక్టర్ని అడగమను.

భీమవరం_కోడలు:

అందరికీ థాంక్స్ అండీ. బిస్కెట్ల ప్యాకెట్ ఇప్పుడే వెనక్కి తిప్పి చూశాను. కదిరి అన్న చెప్పిన వరుసే ఉంది, సజ్జ నాలుగో పేరు. అవి తెప్పించను. లడ్డూలు దసరా దాటాక, తేమ తగ్గినప్పుడు, కొద్దిగా తెప్పిస్తాను. తాటి బెల్లం పెడతాను, షుగర్ గురించి అడిగినవాళ్లకి మా ఆడపడుచు మాటే చెబుతాను. చోడి పిండి మేమే ఇంట్లో చేస్తాం, మొలక కట్టడం అత్తయ్యకు వచ్చు. నల్లేరు పచ్చడి అడిగితే తీగ ఎవరి పెరట్లో ఉందో ముందు కనుక్కోమన్నారు.

డల్లాస్ వారికి: కొరియర్ ఖర్చు లడ్డూల ధరను దాటిపోతోందండీ, ఇండియా వచ్చినప్పుడు తీసుకెళ్లండి. కదిరి అన్నా, తవుడు తీయని కొర్రలు, అండు కొర్రలు పది కిలోల చొప్పున ఇస్తారా? రవాణాతో కలిపి ధర మెసేజ్ పెట్టండి.