కమ్యూనిజం పోయాక తూర్పు యూరప్‌లో ప్రభుత్వ కంపెనీలను ప్రైవేటుకి ఇవ్వడానికి చెక్ దేశపు కూపన్లా, పోటీ టెండరా? అమ్మకంలో ప్రభుత్వానికి సలహాదారుగా ఉన్న బ్యాంకు ఏది చెప్పి ఉండాల్సింది?

లెక్కలమాస్టారు: 1992లో చెకోస్లొవేకియాలో 1,035 క్రౌన్లు కట్టిన ప్రతి వయోజనుడికీ వెయ్యి పాయింట్ల కూపన్ పుస్తకం దక్కింది. ఆ పాయింట్లతో ప్రభుత్వ కంపెనీల షేర్లు తీసుకోవచ్చు. మొదటి విడతలో 70 శాతం పైగా పాయింట్లు ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ల చేతికి పోయాయి. పెద్ద ఫండ్లలో చాలావాటి వెనక ఉన్నవి ప్రభుత్వ వాటా ఉన్న బ్యాంకులే. కాగితాలు చేతులు మారాయి, ఫ్యాక్టరీలోకి ఒక్క క్రౌను రాలేదు. అదే స్కోడాలో 1991లో 31 శాతంతో మొదలుపెట్టిన ఫోక్స్‌వాగన్ 1995కి 70 శాతానికి చేరింది. డబ్బూ వచ్చింది, కొత్త మోడళ్లూ వచ్చాయి. కూపన్లు తప్పుడు సలహా.

విజయ_ఎన్: స్కోడాకి కొనేవాడు దొరికాడండీ. మొదటి విడతలో పెట్టిన సుమారు 1,500 కంపెనీలకు ఎవరొస్తారు? టెండరుకు ముందు స్థలం ఎవరిదో తేలాలి. 1948 తర్వాత జాతీయం చేసిన ఆస్తుల మీద పాత యజమానుల క్లెయిములున్నాయి. ఖాతాలు మళ్లీ రాయాలి. గోదాంలో అమ్ముడుపోని సరుకుని తయారీ ఖర్చుకే ఆస్తిగా చూపిస్తారు. 1991లో కోమెకాన్ (సోవియట్ కూటమి దేశాల వాణిజ్య సంఘం) రద్దయ్యాక సోవియట్ బాకీలు వసూలయ్యే దారి లేదు. ఈ రెండూ కొట్టేస్తే చాలావాటి నికర విలువ మైనస్‌లోకి పోతుంది. నేలలో చమురు ఎంత ఇంకిందో బోరు వేసి చూడకపోతే కొనేవాడు సంతకాల ముందు ధర కోసేస్తాడు.

చందు: పోలండ్ మధ్యదారి పట్టింది కదా. 512 కంపెనీలు, 15 ఫండ్లు. ప్రతి కంపెనీలో 33 శాతం ఒకే ముఖ్య ఫండ్‌కి. అడిగేవాడు ఒకడుంటాడు.

లెక్కలమాస్టారు: పాత కాలుష్యం ఖర్చు చెక్ ప్రభుత్వానికి చెందిన జాతీయ ఆస్తి నిధి నెత్తిన వేసుకుంది. అది సాకు కాదు. టెండరు పెడితే కనీసం ధర బయటపడుతుంది.

విజయ_ఎన్: ధరా? 1995లో రష్యా నికెల్ కంపెనీ నొరీల్స్క్ నికెల్ 38 శాతానికి కనీస ధర 17 కోట్ల డాలర్లు, పోయింది 17.01 కోట్లకి. రెట్టింపు పైగా ఇస్తామన్న బిడ్డును గ్యారంటీ చాలదని పక్కన పడేశారు. వేలం నడిపిన బ్యాంకే గెలిచింది.

లెక్కలమాస్టారు: అది అమ్మకం కాదు, ప్రభుత్వం షేర్లు పెట్టి బ్యాంకు దగ్గర అప్పు తీసుకున్న తాకట్టు. రెండూ కలపకండి.

విజయ_ఎన్: మరుసటి ఏడాది రష్యా బడ్జెట్‌లో ఆ అప్పు తీర్చడానికి డబ్బే పెట్టలేదు. అలాంటి తాకట్టుని ఇంకేమనాలి? మీరు పదేపదే చట్టం పేరు పట్టుకుని వేలాడుతున్నారు!

సుధ: ఇద్దరూ అసలు గొడవ వదిలేశారు. అమ్మే ముందు కంపెనీని నిలబెట్టాలా, వద్దా?

లెక్కలమాస్టారు: నిలబెట్టడానికి అప్పు కావాలి. ఈబీఆర్‌డీ (ఈ దేశాల్లో ప్రాజెక్టులకు అప్పులిచ్చే యూరప్ అభివృద్ధి బ్యాంకు) మామూలుగా ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం దాటదు. మిగతాది యజమాని సొంత పెట్టుబడి (ఈక్విటీ), బీ-లోన్‌లో, అంటే ఈబీఆర్‌డీ పేరు మీద ఇచ్చే అప్పులో, వాటా తీసుకునే ఇతర బ్యాంకులు. యజమానే లేని కంపెనీకి ఈక్విటీ ఎవరు పెడతారు? యంత్రాలు తాకట్టు పెడదామంటే పోలండ్‌లో కూడా తాకట్టు రిజిస్టర్ 1998 దాకా అమల్లోకి రాలేదు. అందుకే ముందు అసలైన యజమాని రావాలంటున్నాను.

విజయ_ఎన్: సరే, ఆ మాట చెప్పాల్సిన సలహాదారుకి ఫీజు ఎప్పుడిస్తున్నారు? సంతకం రోజు. ఈ ఏడు అమ్మకండి అని వాడెందుకు చెబుతాడు? నెలవారీ ఫీజు పెంచి, అమ్మకం పూర్తయితేనే వచ్చే సక్సెస్ ఫీజు తగ్గించండి. అదీ కొన్నవాడు ఒప్పుకున్న పెట్టుబడి పెట్టాకే ఇవ్వండి.

లెక్కలమాస్టారు: అలా రాస్తే ఏ మంచి బ్యాంకూ పనికి రాదండీ. కొన్నవాడు మాట తప్పితే అమ్మించినవాడి జీతం కోస్తారా?

విజయ_ఎన్: కోయాలి. వాణ్ని ఏరి తెచ్చింది వాడే కదా.