ఇసుకలో ప్లేట్ యాంకర్: చిన్న మోడల్‌లో లోడ్ ఎందుకు ఎక్కువొస్తోంది?

ఇసుకతొట్టి: ఎంటెక్ ప్రాజెక్ట్. ఇసుకలో పాతిన ప్లేటును (ప్లేట్ యాంకర్) పైకి లాగి దాని పట్టు చూస్తున్నాం. 50 మి.మీ. గుండ్రటి ప్లేటు, 200 మి.మీ. లోతు, గ్రేడ్ 1 ఎన్నూరు ఇసుక (ల్యాబ్‌ల్లో వాడే ప్రామాణిక ఇసుక). ఒకే ఎత్తు నుంచి జల్లి నింపుతున్నాం, రెలెటివ్ డెన్సిటీ (ఇసుక ఎంత గట్టిగా కూరుకుందో చెప్పే అంకె) 80 శాతం దగ్గర నిలకడగానే ఉంది. అయినా పైకి లాగితే బ్రేకౌట్ ఫ్యాక్టర్ (గరిష్ఠ లోడ్‌ని ప్లేటు మీది ఇసుక బరువుతో భాగిస్తే వచ్చేది) లెక్కల కంటే బాగా ఎక్కువ. లోడ్ సెల్ మార్చినా అదే కథ. మా గైడ్ గారేమో "స్కేల్ ఎఫెక్ట్ అని ఒక పేరా రాసెయ్" అన్నారు. ఆ పేరాలో ఏం రాయాలి?

తీరంగాలి: ముందు ప్లేటు దగ్గర ఒత్తిడి ఎంతో చూడు తమ్ముడూ. యూనిట్ వెయిట్ ఘనపు మీటరుకి 16 కిలోన్యూటన్లు అనుకుంటే నీ దగ్గర 3.2 కిలోపాస్కల్. బయట 1 మీటరు ప్లేటు 4 మీటర్ల లోతులో ఉంటే 64. ఇసుక అదే, డెన్సిటీ అదే. కానీ ఒత్తిడి తక్కువైతే గింజ మీదికి గింజ ఎక్కడానికి అడ్డుండదు, డైలేషన్ (ఇసుక ఉబ్బడం) పెరిగి ఫ్రిక్షన్ యాంగిల్ (ఇసుక బలాన్ని చెప్పే కోణం) కూడా పెరుగుతుంది. ఇసుక బలం మీద బోల్టన్ 1986 పేపర్లోని సూత్రంలో పెట్టి చూడు: 64 దగ్గర డైలేషన్ ఇండెక్స్ 3.7, 3.2 దగ్గర 6. ట్రయాక్సియల్ టెస్ట్‌లో (చుట్టూ ఒత్తిడి పెట్టి నొక్కేది) ఇండెక్స్ ఒక్కో అంకెకి 3 డిగ్రీలు, అంటే 7 డిగ్రీల తేడా!

గింజలెక్క: అన్నా, ఆ 6 వాడొద్దు. ఆ సూత్రం ఇండెక్స్ 4 దాకానే అని పేపర్లోనే ఉంది. పైగా అందులో ఉన్నది ఫెయిల్యూర్ దగ్గరి సగటు ఒత్తిడి, ఓవర్‌బర్డెన్ (పైనున్న ఇసుక బరువు వల్ల వచ్చే ఒత్తిడి) కాదు. దిశ కరెక్టే, అంకె మాత్రం డైరెక్ట్ షియర్ టెస్ట్ (బాక్స్‌లో ఇసుక పెట్టి పై సగాన్ని పక్కకి జరిపేది) చేసి తెచ్చుకోవాలి. అదీ తేలిక కాదు. 60 మి.మీ. బాక్స్‌లో 3.2 కిలోపాస్కల్ అంటే మొత్తం 11.5 న్యూటన్లు, కిలో పైచిలుకు బరువు. లోడింగ్ ప్యాడ్ బరువే అందులో ఎంతో కొంత తినేస్తుంది. తూకం వేయకుండా పెట్టారంటే ఆ రీడింగ్‌కి అర్థం లేదు.

గ్రేడ్ 1 అంటే 1 నుంచి 2 మి.మీ. గింజలు. సగటు 1.5 అనుకున్నా ప్లేటు వెడల్పుకి 33 గింజలే. 2007లో వచ్చిన సెంట్రిఫ్యూజ్ (మోడల్‌ని గిరగిరా తిప్పి బరువు పెంచే యంత్రం) స్కేలింగ్ సంకలనంలో ప్లేట్ యాంకర్లకి 48 దాటాలని ఉంది. షియర్ బ్యాండ్ (ఇసుక తెగి జారే పట్టీ) మందం సుమారు 10 గింజలు, అంటే 15 మి.మీ. 50 ప్లేటుకి అది చాలా పెద్దది, 1 మీటరు ప్లేటుకి లెక్కలోకే రాదు. చిన్న మోడల్‌లో బ్యాండ్ పొడవునా పీక్ (గరిష్ఠ బలం) దాదాపు ఒకేసారి అందుతుంది. పెద్దదాంట్లో ఒకచోట పీక్ దాటి మెత్తబడుతుంటే ఇంకోచోట అప్పుడే మొదలవుతుంది, అందుకే చిన్నదాంట్లో ఫ్యాక్టర్ ఎక్కువ.

ఇసుకతొట్టి: ఐఐటీ బాంబేలో 4.5 మీటర్ల సెంట్రిఫ్యూజ్ ఉందిగా, అక్కడ చేయిస్తే ఈ తలనొప్పి ఉండదా?

గింజలెక్క: సగం పోతుంది. ఒత్తిడి సరిపోతుంది, గింజ సైజు మారదు. 50 జీ (భూమి గురుత్వానికి 50 రెట్లు) దగ్గర 20 మి.మీ. ప్లేటు, 25 జీ దగ్గర 40 మి.మీ. రెండూ 1 మీటరుకే సమానం. రెండింటి ఫ్యాక్టర్ ఒకటే వస్తే గింజ బాధ లేనట్టు.

గ్రౌట్‌పంప్: నేను గల్ఫ్‌లో సైట్ మనిషిని, మావి గ్రౌట్ యాంకర్లు (బోరులో సిమెంటు ముద్ద నింపి బిగించేవి). అక్కడ ఇది ఇంకా ఘోరం. లాగినప్పుడు గ్రౌట్ చుట్టూ ఇసుక ఉబ్బుతుంది, పక్క ఇసుక అడ్డుకుంటుంది, దాంతో అదనపు ఒత్తిడి వస్తుంది. ఉబ్బు గింజను బట్టే ఉంటుంది, ఒత్తిడి మాత్రం వ్యాసానికి విలోమం. ఇసుక బిగువు ఒకటే అయితే 150 మి.మీ. బోరు కంటే 15 మి.మీ. మోడల్‌లో అది 10 రెట్లు. ల్యాబ్ స్కిన్ ఫ్రిక్షన్‌ని (గ్రౌట్ పక్కల పట్టు) తెచ్చి డ్రాయింగ్ మీద పెట్టేవాళ్లని చూస్తే భయమేస్తుంది. మేమైతే ముందు సైట్‌లోనే టెస్ట్ యాంకర్ లాగి చూస్తాం.

ఇసుకతొట్టి: అయితే గింజ సన్నగా ఉండే గ్రేడ్ 3కి మారి, 50, 75, 100 ప్లేట్లు అదే లోతు నిష్పత్తితో లాగి, సైజు పెరిగే కొద్దీ ఫ్యాక్టర్ ఎలా తగ్గుతుందో గ్రాఫ్ వేస్తా.

తీరంగాలి: మంచిదే. కానీ 100 ప్లేటుకి 400 లోతు. చీలిక పైకొచ్చేసరికి మధ్య నుంచి దాదాపు 200 మి.మీ. దాకా విప్పుకుంటుంది. నీ తొట్టి వెడల్పెంత?