ముందు న్యూటన్-రాఫ్సనా, బైసెక్షనా?

గాజువాక మాస్టారు: బీటెక్ పిల్లలకు ఇంట్లో ట్యూషన్ చెప్తాను. సమీకరణాల మూలాలు రాగానే నేరుగా న్యూటన్-రాఫ్సన్ పట్టుకుంటా: ఒక విలువ ఊహించి, అక్కడి వాలును బట్టి తర్వాతి విలువకు దూకడమే. బైసెక్షన్ టైం దండగ. ఎక్స్³ − 2ఎక్స్ − 5 = 0 తీసుకోండి. 2 దగ్గర మొదలెడితే 2.1, తర్వాత 2.09457, మూడో అడుగుకే 2.0945515. బైసెక్షన్‌లో 2కీ 3కీ మధ్య సగం సగం కోసుకుంటూ పోతే ఆరు దశాంశాలకు ఇరవై సార్లు. మీరేమంటారు?

సాగరతీరం: రెండూ చదివాం, రెండూ మర్చిపోయాం.

పైపుల పంతులు: 2 దగ్గర మొదలెట్టమని మీకెవరు చెప్పారు మాస్టారూ? ఎక్స్³ − 2ఎక్స్ + 2 = 0 వేసి, 0 దగ్గర మొదలెట్టి చూడండి. 1 వస్తుంది. ఆ 1 వేస్తే మళ్లీ 0. ఆర్కే బీచ్ నుంచి భీమిలి, భీమిలి నుంచి ఆర్కే బీచ్. రోజంతా తిరిగినా దిగాల్సిన స్టాపు రాదు. అసలు మూలం −1.77 దగ్గరుంది. −2కీ −1కీ మధ్య ఎడమవైపు విలువ గుర్తు మైనస్ నుంచి ప్లస్‌కి మారుతోందని చూసుకుంటే బైసెక్షన్ తప్పకుండా పట్టిస్తుంది.

గాజువాక మాస్టారు: 0 దగ్గర ఎవడు మొదలెడతాడండీ? పరీక్షలో అలాంటివి రావు.

తేదీలబాబు: ముందు పేరు సరిచేయండి. మాస్టారు వేసిన లెక్క న్యూటన్ సొంత ఉదాహరణే, కానీ ఆయన చేసిన తీరు వేరు. రాఫ్సన్ తన పద్ధతిని 1690లో అచ్చువేశాడు. అవకలనంతో ఇప్పుడు మనం రాసే రూపం 1740లో సింప్సన్‌ది. ఆయన పేరేదీ?

గాజువాక మాస్టారు: ఇప్పుడెవరడిగారు బాబూ?

మురళీనగర్ అమ్మ: మా అమ్మాయి ఇంటర్నల్‌లో 3ఎక్స్ = 1 + కాస్ ఎక్స్ ఇచ్చారు. గ్రాఫ్ గీసి, రెండు సార్లు బైసెక్షన్ చేసి, ఆ తర్వాత న్యూటన్ వేసింది. 0.6071, కరెక్టే. అడిగిన పద్ధతి కాదని మార్కులు కోసేశారు. పక్క బెంచీ అబ్బాయి క్యాలిక్యులేటర్ రేడియన్లలో పెట్టకుండా డిగ్రీల్లో ఉంచేసి 0.6666 తెచ్చాడు. స్టెప్పులు బాగున్నాయని వాడికి సగం మార్కులు. ఇదేం న్యాయం?

గాజువాక మాస్టారు: న్యూటన్ అడిగితే న్యూటనే చేయాలమ్మా. ఉప్మా చేయమంటే పెసరట్టు వేసి, రుచిగానే ఉంది కదా అంటే ఎలా?

పైపుల పంతులు: ఆ రెండూ కలిపే తింటారండీ మన దగ్గర. బ్రెంట్ అనే గణితజ్ఞుడు 1973లో చేసిందీ అదే: సీకెంట్ లాంటి వేగమైన పద్ధతులకు బైసెక్షన్‌ను కాపలా పెట్టాడు. ఆ అమ్మాయి బుర్ర పెట్టి చేసింది. మీ లాంటివాళ్లే మార్కులు కోస్తారు.

గాజువాక మాస్టారు: మాట జాగ్రత్త. నేను ఎవరి మార్కులూ కోయలేదు. మీరు పెన్షన్ తీసుకుంటూ కబుర్లు చెప్తారు. నాకు నలభై మంది పిల్లలు, ఈ అధ్యాయానికి నాలుగు క్లాసులు. ఒకడు తప్పితే వాళ్ల నాన్న నా గుమ్మం ముందుంటాడు. మీ భీమిలి బస్సు ఎక్కించే తీరికెక్కడిది?

సాగరతీరం: కొంచెం మజ్జిగ తాగండి ఇద్దరూ.

పైపుల పంతులు: మజ్జిగ కాదు, ఇది వినండి. మా డిజైన్ సెక్షన్‌కి కొత్తగా ఒక కుర్రాడొచ్చాడు, మంచి మార్కులవాడే. పైపులో నీటి ఘర్షణ గుణకం తీయాలి, కోల్‌బ్రూక్ సమీకరణం. గుణకం రెండు వైపులా ఉంటుంది, తిప్పి తిప్పి వేయాల్సిందే. 0.02 దగ్గర మొదలెడితే నాలుగైదు సార్లకి కుదురుకుంటుంది. ఆ అబ్బాయి కాగితం మీద సూత్రం రాసి, కింద గీత గీసి, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. "సార్, మొదటి విలువ ఇవ్వలేదు" అన్నాడు. ఎవరిస్తారు? మీ ప్రశ్నపత్రం ఇస్తుంది, పైపు ఇవ్వదు.

గాజువాక మాస్టారు: అంటే మీ గొడవ బైసెక్షన్ గురించి కాదన్నమాట. ఎక్కడ మొదలెట్టాలన్న దాని గురించి.

పైపుల పంతులు: నేను మిమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్నే అది. పైకెళ్లి చూసుకోండి.

గాజువాక మాస్టారు: చూశాను. సరే, గుర్తు ఎక్కడ మారుతోందో వెతకడం ఒక క్లాసు చెప్తా. బైసెక్షన్ అని మాత్రం బోర్డు మీద రాయను.

తేదీలబాబు: సింప్సన్ సంగతి ఎవరూ ఒప్పుకోలేదు ఇంకా.

మురళీనగర్ అమ్మ: అది సరేనండీ, మా అమ్మాయి మార్కులు ఎవరిని అడగాలి?