'సన్‌సెట్' (1988) చూశాక ఒక సందేహం: తొలి టాకీల్లో ఆరుబయట శబ్దం ఎలా పట్టేవారు?

బ్లేక్ ఎడ్వర్డ్స్ తీసిన ఈ సినిమాలో మూకీల నాటి కౌబాయ్ తార టామ్ మిక్స్‌గా బ్రూస్ విల్లిస్, పాతకాలపు పేరుమోసిన అమెరికన్ పోలీసు అధికారి వ్యాట్ అర్ప్‌గా జేమ్స్ గార్నర్ 1929 నాటి హాలీవుడ్‌లో హత్య గుట్టు లాగుతారు. కౌబాయ్ సినిమా, అపరాధ పరిశోధన, హాస్యం కలిపేశారు; గార్నర్ వల్లే నిలబడింది. అసలు అర్ప్ ఆ జనవరి 13నే పోయారు, మొదటి ఆస్కార్ వేడుక మే 16న. సినిమాలో మాత్రం ఆ వేడుక నాటికి అర్ప్ బతికే ఉంటారు; ఆ కల్పన సరే.

అప్పట్లో కెమెరా గరగర మైకులో పడకుండా ఆపరేటర్‌తో సహా అద్దం కిటికీ ఉన్న గదిలో పెట్టి మూసేవారు. దాంతో గుర్రాల వెంట పరిగెత్తే షాట్లు కష్టమయ్యేవి. మరి డెక్కల చప్పుడు, మాటలు ఒకేసారి రికార్డు చేసేవారా, డెక్కల చప్పుడు తర్వాత కలిపేవారా? మైకు ఎక్కడ దాచేవారు? గాలి హోరు ఎలా ఆపేవారు? ఫొటోలతో వివరించిన పుస్తకం తెలిస్తే దయచేసి పేరు చెప్పండి.